ఫోల్డరు ఎవరి పేరు మీద ఉంది?

చేవెళ్లలో జిరాక్సు షాపుకు వెళ్లినా, మొయినాబాద్‌లో ఫంక్షన్ హాలు ఆఫీసుకు వెళ్లినా "డ్రైవ్‌లో పెట్టిన, చూస్కో" అన్న మాట ఇప్పుడు కొత్తేం కాదు. బుకింగుల రిజిస్టరు గూగుల్ షీట్ అయింది. లేఅవుట్ మ్యాపులు లింకుల రూపంలో తిరుగుతున్నాయి. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పూలు పంపే రైతు కూడా తక్‌పట్టీని (అమ్మకం చీటీని) ఫొటో తీసి దాచుకుంటున్నాడు. వాడకం పెరిగినంత వేగంగా అవగాహన మాత్రం పెరగలేదు. భయం అక్కర్లేని చోట భయపడుతున్నాం, భయపడాల్సిన చోట ధీమాగా ఉన్నాం.

"మన ఫైళ్లన్నీ అమెరికల యాడనో ఉంటయి"

ఉండొచ్చు, ఉండకపోవచ్చు. కానీ క్లౌడ్ అంటే సముద్రాల అవతలిదే అనుకోవడం మాత్రం తప్పు. చేవెళ్లను ఆనుకుని ఉన్న షాబాద్ మండలం చందనవెల్లిలోనే అమెజాన్ డేటా సెంటర్ ఉంది. ఆ సంస్థ 2022 నవంబరులో మొదలుపెట్టిన హైదరాబాద్ రీజియన్‌లో అదొక భాగం. అదే ఏడాది మార్చిలో మైక్రోసాఫ్ట్ కూడా హైదరాబాద్ ప్రాంతంలో డేటా సెంటర్లు కడతామని ప్రకటించింది. అంతా చేసి క్లౌడంటే ప్రహరీ గోడ, కరెంటు లైను, జనరేటర్లు, గదులు చల్లబరిచే యంత్రాలు ఉన్న భవనమే.

అయితే ఫ్రీ ఖాతా వాడే మనం "నా ఫైళ్లు చందనవెల్లిలోనే పెట్టండి" అని అడగలేం. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలు మాత్రం ఫైళ్లు ఎక్కడున్నాయన్న సంగతి పట్టించుకోక తప్పదు. లెక్కలు ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచుకునే కంపెనీ వాటి బ్యాకప్‌ను భారత్‌లోని సర్వర్‌లో రోజూ ఉంచాలని కంపెనీల అకౌంట్ల నిబంధనలు చెబుతున్నాయి. రోజూ అన్న షరతు 2022 ఆగస్టు సవరణతో వచ్చింది.

"అందరికీ షేర్ చేసినం కదా, ఇగ అది ఆఫీసుదే"

ఈ ప్రాంతపు చిన్న వ్యాపారాలను నిజంగా ముంచగల అపోహ ఇదే. ఫంక్షన్ హాలు మేనేజరుగా చేరిన కుర్రాడు హుషారైనవాడు. తన సొంత జీమెయిల్‌లో బుకింగుల షీటు తయారుచేసి యజమానికీ, క్యాటరింగ్ వాళ్లకీ, డెకరేషన్ వాళ్లకీ షేర్ చేస్తాడు. రెండు పెళ్లిళ్ల సీజన్లు బ్రహ్మాండంగా గడుస్తాయి. తర్వాత జీతం దగ్గర మాటా మాటా పెరిగి అతను మానేస్తాడు. షీటు ఎవరిది? గూగుల్ లెక్కలో అది అతనిదే. డిలీట్ చేస్తే ముప్పై రోజులు అతని ట్రాష్‌లో ఉండి, ఆ తర్వాత అందరికీ పోతుంది. మాఘమాసపు ముహూర్తాల అడ్వాన్సులన్నీ అందులోనే ఉండి ఉంటే యజమాని గతేమిటి?

నిర్మాణాలపై ఆంక్షలు పెట్టిన జీవో 111 చుట్టూ ఇన్నేళ్లుగా తిరుగుతున్న మొయినాబాద్‌లో భూమి కొనేటప్పుడు ఎవరైనా ముందు అడిగేది పట్టా ఎవరి పేరు మీద ఉందనే. సాగు చేసుకోవడం వేరు, పట్టాదారు కావడం వేరని ఇక్కడ పిల్లలకూ తెలుసు. ఫోల్డరు విషయంలోనూ లెక్క అదే. ఎడిటర్ అంటే కౌలుదారు, ఓనర్ అంటే పట్టాదారు. డ్రైవ్‌లో ఫైలు వివరాలు తెరిస్తే ఓనర్ పేరు కనిపిస్తుంది. మామూలు జీమెయిల్ ఖాతాల మధ్య ఆ ఓనర్‌షిప్పును మార్చుకోవచ్చు కూడా. షేర్ పెట్టెలో అవతలివారి పేరు పక్కన ఆ ఎంపిక ఉంటుంది, వాళ్లు ఒప్పుకుంటే మారుతుంది. డబ్బు కట్టి తీసుకునే గూగుల్ వర్క్‌స్పేస్‌లో అయితే షేర్డ్ డ్రైవ్ సదుపాయం ఉన్న ప్లాన్లున్నాయి. అక్కడ పెట్టిన ఫైలు వ్యక్తిది కాదు, సంస్థది. పని మానేసినవాడి ఖాతా తీసేసినా ఫైలు అక్కడే ఉంటుంది. పది మంది పనిచేసే చోట ఆ ఖర్చుకు వెనకాడడం పొదుపు కాదని నా అభిప్రాయం.

"లింకు మనోళ్లకే పంపినం"

"లింకు ఉన్న ఎవరైనా" అన్న సెట్టింగులో మనోళ్లు, పరాయివాళ్లు అన్న తేడా లేదు. ప్లాట్లు కొన్నవారి ఆధార్, పాన్ కాపీలున్న ఫోల్డరు లింకు ఒక్కసారి వాట్సాప్ గ్రూపులో పడిందంటే అది ఎన్ని గ్రూపులు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. మెయిల్ ఐడీలు చేర్చి, వాళ్లకు మాత్రమే తెరుచుకునేలా పెట్టడానికి రెండు నిమిషాలు చాలు.

ఆఫీసంతా కలిసి ఒకే పాస్‌వర్డ్ వాడడం దీనికి తోబుట్టువు. క్లౌడ్ కంపెనీలే హ్యాక్ అవుతాయని మనవాళ్ల భయం. కానీ 2012లో డ్రాప్‌బాక్స్ నుంచి కోట్ల మంది వివరాలు బయటికి పోయిన ఉదంతంలో దొంగలకు తలుపు తెరిచింది వేరే చోటా అదే పాస్‌వర్డ్ వాడిన ఒక ఉద్యోగి ఖాతా. అంత పెద్ద కంపెనీలోనే అలా జరిగితే, షాపు పేరు పక్కన 123 చేర్చి పాస్‌వర్డ్ పెట్టుకునే మన సంగతేమిటి? ఫోన్‌కు కోడ్ వచ్చే రెండంచెల లాగిన్ పెట్టుకోవాలి.

"క్లౌడ్‌ల పెట్టినంక పోయేదే లేదు"

పోతాయి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ కాలిపోయింది. వేరేచోట బ్యాకప్ లేని ఖాతాదారులు ఫైళ్లు పోగొట్టుకున్నారు. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని దేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్ అంటుకుంది. ఉద్యోగులు ఆఫీసు పత్రాలు దాచుకునే జీ-డ్రైవ్ అందులోనే ఉంది. 858 టెరాబైట్లు బూడిదయ్యాయి. దానికి బయట బ్యాకప్ లేదు.

మన దగ్గర అగ్ని ప్రమాదం దాకా కూడా అక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లో సింక్ అయ్యే ఫోల్డరులోంచి ఎవరైనా ఫైలు తీసేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్ తగిలితే, తాళం పడ్డ ఫైళ్లే విధేయంగా పైకి ఎక్కుతాయి. సింక్ వేరు, బ్యాకప్ వేరు. నెలకోసారి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, ప్లగ్ తీసి బీరువాలో పెట్టడమే ఇప్పటికీ చవకైన బ్యాకప్.

లెక్కలకు ట్యాలీ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఇక్కడే ఒక మాట. డేటా ఫోల్డరును నేరుగా డ్రైవ్‌లో పెట్టి చేవెళ్ల షాపులో ఒకరు, మొయినాబాద్ గోదాములో ఒకరు ఒకేసారి తెరిస్తే అది కలిసి పనిచేయడం కాదు, లెక్కల పుస్తకాన్ని చింపుకోవడం. ట్యాలీలోనే బ్యాకప్ తీసి ఆ ఫైలును పైకి ఎక్కించాలి.

"డ్రైవ్‌ల పెడితే ఏ ఫోన్‌లోనైనా తెర్సుకోవచ్చు"

తెలుగు ఫైలుకు ఈ మాట అన్నిసార్లూ చెల్లదు. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించిన ఒప్పంద పత్రం ఆ ఫాంటు లేని ఫోన్‌లో తెరిస్తే ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగలిసిన గందరగోళం కనిపిస్తుంది. తప్పు క్లౌడ్‌ది కాదు. ఆ ఫాంట్లు తెలుగు అక్షరాల బొమ్మలను ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెడతాయి. పీడీఎఫ్ చేసి పెడితే చదవడానికి వస్తుంది గానీ, "చందనవెల్లి" అని వెతికితే దొరకదు. యూనికోడ్‌లో టైపు చేయించమని సెంటర్ వాళ్లను అడగాలి. కొంచెం సణుగుతారు, అంతే.

"స్కాన్ చేసినం, ఇగ కాయితాలెందుకు?"

డిజిలాకర్‌లో ప్రభుత్వ సంస్థ నేరుగా జారీ చేసిన పత్రానికి అసలుతో సమానమైన విలువ ఉంది. మనం ఫొటో తీసి ఎక్కించిన సేల్ డీడ్‌కు అది లేదు. అది కాపీయే, కాబట్టి అసలు పత్రాలు బీరువాలోనే ఉండాలి. ఇక ఎన్నాళ్లు దాచాలన్నదానికొస్తే, జీఎస్టీ లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచమని చట్టం చెబుతోంది. గూగుల్ ఏమో రెండేళ్లు తెరవని వ్యక్తిగత ఖాతాను అందులోని ఫైళ్లతో సహా తొలగించవచ్చంటోంది. పాత బిల్లుల కోసమని విడిగా జీమెయిల్ తెరిచి, దాన్ని మరిచిపోయినవాళ్లు ఈ వారమే ఒకసారి అందులోకి లాగిన్ అవ్వండి.