వెన్నులోకి ఒక్క మిల్లీగ్రాము

కె.గంగవరం రైతుకి ఈ లెక్క ఇట్టే తెలుస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర వదిలిన నీరంతా శివారు మడికి చేరదు, దారిలో చాలా పోతుంది. తీవ్రమైన నొప్పికి మింగిన మార్ఫిన్ మాత్రా అంతే. ఒళ్లంతా తిరిగాక వెన్నుపాముకి అందేది కొసరే. మరి నేరుగా మడిలోకే పెడితే?

◆ నోటితో 300 మి.గ్రా. మార్ఫిన్ చేసే పనికి, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలో సుమారు 1 మి.గ్రా. చాలని వైద్యుల లెక్క.

◆ సిజేరియన్‌కి నడుంలో ఇచ్చే మత్తుసూది అందరికీ తెలిసిందే. జర్మనీలో ఆగస్ట్ బీర్ 1898లో ఈ పద్ధతికి దారి వేశాడు. 1979లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 8 మంది క్యాన్సర్ రోగులకు వెన్నులో మార్ఫిన్ ఇచ్చి చూశారు. అర నుంచి ఒక మిల్లీగ్రాముకే ఎక్కువమందికి 12 నుంచి 24 గంటలు ఊరట దొరికింది.

◆ రోజూ సూది పొడవక్కర్లేదు. అరచేతిలో ఇమిడే గుండ్రటి పంపును పొట్ట చర్మం కింద అమరుస్తారు. అందులోంచి సన్నటి గొట్టం వెన్నులోకి వెళ్తుంది. మందు అయిపోవస్తే చర్మం మీంచే సూదితో నింపుతారు. ముందుగా కొద్ది మందుతో పరీక్షించి, పనిచేస్తుందనుకుంటేనే పంపు పెడతారు. ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది కాబట్టి నిపుణుల చేతిలోనే జరగాలి.

◆ అందరికీ ఇది అవసరం లేదు. చాలామందికి మాత్రలే చాలు. మాత్రలు ఎంత పెంచినా నొప్పి లొంగనివారికి, మగత, వాంతులు తట్టుకోలేనివారికి ఇది దారి.

◆ వెన్నులోకి ఇచ్చే మరో మందు సముద్రపు నత్త విషం నుంచి పుట్టింది! దాని పేరు జికోనోటైడ్. అమెరికా 2004లో అనుమతించింది. ఇది మార్ఫిన్ జాతి మందు కాదు.

◆ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంతో మన దేశంలో మార్ఫిన్ దొరకడం కష్టమైంది. రోగుల కోసం 2014లో ఆ చట్టాన్ని సవరించారు. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి నివారణకు ప్రత్యేక విభాగమే ఉంది.

◆ నొప్పికీ కొలత ఉంది. అస్సలు లేకపోతే 0, భరించలేకపోతే 10. పాల లెక్క రాసుకునే క్యాలెండర్ మీదే ఇదీ రాయండి: "రాత్రి 2 గంటలు, 8". "ఓర్చుకో" అనే ముందు ఆ కాగితం డాక్టరుగారికి చూపించండి. రోగి నోరు విప్పి చెప్పుకోలేని రాత్రంతా అందులో ఉంటుంది.