తల్లి మొర

జోన్ ఆఫ్ ఆర్క్ కథను చాలమంది చితియొద్దనే ముగింతురు. ఆంగ్లేయుల పక్షము వహించిన మతన్యాయస్థానము ఆమెను మతద్రోహిగా నిర్ణయించగా, 1431 మే 30న రువాన్ నగరమున సజీవదహనము చేసిరి. ఆమెకప్పుడు సుమారు 19 ఏండ్లు.

ఓర్లియన్సును రక్షించి, తనకు పట్టాభిషేకము జరిపించిన ఆ బాలికను విడిపించుటకు ఏడవ ఛార్లెస్ రాజు గట్టి యత్నమేదియు చేయలేదు. రువాన్ తన వశమైన పిదపనే, 1450లో, విచారణకు ఆజ్ఞాపించెను. తన కిరీటము మతద్రోహి తెచ్చినదన్న అపవాదు ఆయనకు రుచింపలేదు కాబోలు!

తల్లి ఇసబెల్‌కు అట్టి లెక్కలు లేవు. 1455 నవంబరు 7న పారిస్ నోత్రదామ్ దేవాలయమున, పోపు ప్రతినిధుల యెదుట, తన బిడ్డకు న్యాయము చేయుడని మొరపెట్టుకొనెను. బాల్యసఖులు, సైనికులు, తొలి విచారణను వ్రాసిన లేఖకుడు సైతము సాక్ష్యమిచ్చిరి. 1456 జూలై 7న రువాన్‌లోనే పాత తీర్పు చెల్లదని ప్రకటించిరి. ఆ తీర్పు చెప్పిన బిషప్పు కోషోన్ 1442లోనే మరణించెను. తల్లి బ్రతికియే యుండెను.