గోళ్ల కత్తెరకు బెదిరే పెంపుడు శునకాలు – యజమానులు అనుసరించదగిన మార్గం

పశువైద్యశాలకు కుంటుతూ వచ్చే పెంపుడు శునకాలన్నింటిలోనూ ఎముక దెబ్బగాని, కీళ్ల వ్యాధిగాని ఉండదు. కొన్నింటిలో ముందుకాలి లోపలివైపున, నేలకు తగలని వేలి గోరు అరగక వంకర తిరిగి చర్మంలో గుచ్చుకొని, చీము పట్టి ఉంటుంది. నున్నని టైల్స్ మీద తిరిగే శునకాలకు మిగిలిన గోళ్లు కూడా సరిగా అరగవు. కారణం అడిగితే, "తీయనివ్వదండీ, కరవడానికి వస్తుంది" అనే యజమానులే ఎక్కువ. దీనిని నిర్లక్ష్యం అనడం సరికాదు. ఇది ఉభయులకూ గల భయం.

గోరు లోపల రక్తనాళం, నాడి గల మెత్తని భాగం ఉంటుంది. తెల్లని గోళ్లలో అది గులాబీ రంగులో కనిపిస్తుంది, నల్లని గోళ్లలో కనిపించదు. ఒకసారి అది తెగితే ఆ నొప్పిని శునకం మరువదు, ఆ నెత్తురును యజమాని మరువడు. మరుసటిసారి ముగ్గురు కలిసి అదిమిపట్టడంతో భయం రెట్టింపవుతుంది.

కావున గోళ్లు తీయడం కంటే ముందు అలవాటు చేయడం అవసరం. తొలి రోజులలో పాదాన్ని క్షణకాలం పట్టుకొని, వెంటనే ఇష్టమైన తినుబండారం ముక్క ఇవ్వాలి. తరువాత కత్తెరను చూపి, దానితో శునకం దగ్గర ఎండు చీపురుపుల్లను కత్తిరిస్తే ఆ శబ్దానికీ అలవాటు పడుతుంది. పిమ్మట రోజుకు ఒక్క గోరు చొప్పున, కొనను మాత్రమే పలుచగా తీయాలి. నల్లని గోటిలో కోసిన చోట నడుమ ముదురు చుక్క కనిపించగానే ఆపాలి. పొరపాటున నెత్తురు వస్తే మొక్కజొన్న పిండి అద్ది కొద్ది నిమిషాలు నొక్కి పట్టాలి. ఆగకపోతే వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. బాగా పెరిగిన గోళ్లను వారానికొకసారి కొద్దికొద్దిగా తీస్తూ ఉంటే లోపలి మెత్తని భాగం కూడా క్రమంగా వెనుకకు తగ్గుతుంది.

గుర్రుమన్నందుకు కొట్టరాదు. అది శునకం ఇచ్చే హెచ్చరిక. దానిని అణచివేస్తే హెచ్చరిక లేకుండానే కరిచే ప్రమాదం ఉంది. కరిచే స్వభావం ఉన్నచో, నోరు తెరచి రొప్పడానికి వీలిచ్చే బుట్ట ఆకారపు మజిల్‌ను ముందుగా అలవాటు చేయాలి.

వెంట్రుకల విషయంలో తరచుగా జరిగే పొరపాటు, చిక్కు తీయకుండా స్నానం చేయించడం. తడిసిన ఉండ మరింత బిగుసుకొంటుంది. దానిని కత్తెరతో కోయబోతే ఉండతోపాటు పైకి లేచిన చర్మం తెగవచ్చు. వేసవిలో పొమరేనియన్ వంటి రెండు పొరల బొచ్చు గల జాతులకు చర్మం వరకు గొరిగించడమూ మంచిది కాదు. ఎండ నుండి కాపాడేది ఆ బొచ్చే. మనుషుల సబ్బు వాడరాదు. దువ్వేటప్పుడే చెవుల వెనుక, వేళ్ల నడుమ పిడుదులను వెదకాలి. ఇవి ఎర్లీషియోసిస్ వంటి ప్రాణాంతక జ్వరాలను వ్యాపింపజేస్తాయి.

ఏళ్ల తరబడి నెమ్మదిగా ఉన్న ముసలి శునకం హఠాత్తుగా తాకనివ్వకపోతే అది మొండితనం కాకపోవచ్చు. కీళ్ల నొప్పి, చెవిపోటు ఉన్నాయేమో ముందుగా పరీక్ష చేయించాలి. ఎంత ఓర్పు వహించినా లొంగని శునకానికి పశువైద్యుని పర్యవేక్షణలో మత్తు ఇచ్చి గోళ్లు తీయించవచ్చు. ఇంట్లో ఉన్న మనుషుల నిద్రమాత్రలను మాత్రం ఎన్నడూ ఇవ్వరాదు.