డిగ్రీ అయిపోయిందా? పీజీ సీటు, టీసీ, ఫీజు రీయింబర్స్‌మెంట్: ఏది ముందు, ఏది తర్వాత
(నిజామాబాద్, బోధన్ ప్రాంత విద్యార్థులు, తల్లిదండ్రుల కోసం)

ఇది ఎవరి కోసం

డిగ్రీ ఫైనల్ ఇయర్ చదువుతున్న వాళ్ల కోసం, డిగ్రీ పూర్తయి ఇంట్లో ఉన్న వాళ్ల కోసం. ఎం.ఏ., ఎం.కాం., ఎం.ఎస్సీ. చదవాలని ఉండి, ఫీజు కట్టే స్తోమత లేక ఆగిపోయిన ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఈబీసీ, మైనారిటీ, దివ్యాంగ విద్యార్థులందరూ చదవాలి.

బోధన్ నిజాం షుగర్స్ 2015 డిసెంబర్‌లో మూతపడ్డది. అప్పుడు బడిలో ఉన్న పిల్లలు ఇప్పుడు డిగ్రీ దాటుతున్నారు. చెరకు పోయి వరి వచ్చింది, నెల జీతం పోయి రోజు కూలి వచ్చింది. ఇట్లాంటి ఇండ్లల్లో పీజీ చదువు అంటే మొదట అడిగేది "ఫీజు ఎవరు కడతరు?" అనే. ప్రభుత్వం కట్టే దారి ఉంది. కానీ ఆ దారిలో మూడు చోట్ల పిల్లలు ఎక్కువగా జారిపోతున్నారు: టీసీ దగ్గర, వెబ్ ఆప్షన్ల దగ్గర, స్పాట్ అడ్మిషన్ దగ్గర. ఆ మూడింటి గురించి కాస్త వివరంగా చెప్తాం.

ముందుగా: ఏ కోర్సుకు ఏ పరీక్ష

- ఎం.ఏ., ఎం.కాం., ఎం.ఎస్సీ., ఎం.ఎడ్.: సీపీగెట్
- ఎంబీఏ, ఎంసీఏ: ఐసెట్
- ఎల్ఎల్ఎం: పీజీ లాసెట్
- ఎం.టెక్., ఎం.ఫార్మసీ: పీజీఈసెట్

మన జిల్లాలో ఎక్కువ మంది రాసేది సీపీగెట్. దీన్ని ఉన్నత విద్యామండలి తరఫున ఉస్మానియా యూనివర్సిటీ నిర్వహిస్తుంది. ఒక్క పరీక్ష రాస్తే ఉస్మానియా, కాకతీయ, శాతవాహన, పాలమూరు, మహాత్మాగాంధీ యూనివర్సిటీలతో పాటు మన డిచ్‌పల్లిలోని తెలంగాణ యూనివర్సిటీలో కూడా సీటుకు పోటీ పడొచ్చు. యూనివర్సిటీకొక అప్లికేషన్ అవసరం లేదు.

పరీక్ష కంప్యూటర్ మీద ఉంటుంది. 100 ప్రశ్నలు, 100 మార్కులు, గంటన్నర టైమ్. 2024లో జూలైలో జరిగింది, 2025లో ఆగస్టులో జరిగింది. నోటిఫికేషన్ దానికి నెల, రెండు నెలల ముందు వస్తుంది. ఫైనల్ సెమిస్టర్ రాసి రిజల్ట్ కోసం చూస్తున్న వాళ్లు కూడా అప్లై చేసుకోవచ్చు. రిజల్ట్ వచ్చే దాకా ఆగితే గడువు పోతుంది.

డిగ్రీలో చదివిన సబ్జెక్టే పీజీలో చదవాలని కూడా లేదు. ఎం.ఏ.లో చాలా సబ్జెక్టులకు బీకాం వాళ్లు, బీఎస్సీ వాళ్లు కూడా రాయొచ్చు. ఎం.ఎస్సీ.కి మాత్రం ఆ సబ్జెక్టు డిగ్రీలో ఉండాలి. నోటిఫికేషన్‌లో అర్హతల పట్టిక చూసుకుని అప్లై చేయండి.

దగ్గర్లో ఎక్కడ చదవొచ్చు

తెలంగాణ యూనివర్సిటీ 2006లో ఏర్పడింది. మెయిన్ క్యాంపస్ డిచ్‌పల్లిలో, సౌత్ క్యాంపస్ కామారెడ్డి జిల్లా భిక్కనూరులో ఉన్నాయి. నిజామాబాద్ టౌన్‌లో గిరిరాజ్ ప్రభుత్వ కాలేజీలో కూడా పీజీ కోర్సులున్నాయి. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ఈ మూడింటినీ మర్చిపోవద్దు.

బోధన్, రెంజల్, వర్ని, కోటగిరి వైపు ఆడపిల్లల్ని "అంత దూరం రోజూ ఎట్ల పోతరు, బస్సు చార్జీలెంత" అని ఇంట్లోనే ఆపేస్తున్నారు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. బోధన్ నుంచి నిజామాబాద్, అక్కడి నుంచి డిచ్‌పల్లి రోజూ పోయి రావడానికి చార్జీ భారం లేదు. రోజూ తిరగలేం అనుకుంటే సీటు వచ్చిన తర్వాత హాస్టల్‌కు అప్లై చేసుకోవాలి. మగపిల్లలు కాలేజీ బోనఫైడ్‌తో ఆర్టీసీ స్టూడెంట్ పాస్ తీసుకోవచ్చు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ అంటే ఏమిటి

ఈ-పాస్ వెబ్‌సైట్ ద్వారా ఇచ్చే ప్రభుత్వ సాయంలో రెండు భాగాలు ఉంటాయి.

1. ఆర్టీఎఫ్: అంటే ట్యూషన్ ఫీజు. ఇది కాలేజీ కోసం ఇచ్చేది.
2. ఎంటీఎఫ్: అంటే మెయింటెనెన్స్, మన వాళ్లు "స్కాలర్‌షిప్ పైసలు" అనేది దీన్నే. ఇది విద్యార్థి ఖర్చులకు. ప్రభుత్వ హాస్టల్‌లో ఉంటే హాస్టల్ ఖర్చు కిందకు పోతుంది.

ఆదాయ పరిమితి: బీసీ, ఈబీసీ వాళ్లకు గ్రామంలో ఉంటే ఏడాదికి 1.5 లక్షలు, పట్టణంలో ఉంటే 2 లక్షలు. ఎస్సీ, ఎస్టీ వాళ్లకు గ్రామం, పట్టణం తేడా లేదు. వాళ్ల పరిమితి ఎంతో ఈ-పాస్ పేజీలో చూసుకోండి.

గ్రామం, పట్టణం తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ దానివల్లే అప్లికేషన్లు ఆగుతాయి. ఉదాహరణకు ఒక బీసీ కుటుంబం ఆదాయం 1.6 లక్షలు అనుకుందాం. వాళ్లు బోధన్ మున్సిపాలిటీలో ఉంటే అర్హులే. పక్కనే సాలూరలో ఉంటే అర్హులు కారు. కాబట్టి ఆధార్‌లో, ఆదాయ సర్టిఫికెట్‌లో, ఈ-పాస్ అప్లికేషన్‌లో ఒకే అడ్రస్ ఉండాలి. కుటుంబం ఊరు మారితే ముందు ఆధార్‌లో మార్పించుకోవాలి.

ఆదాయం అంటే ఇప్పటి ఆదాయం. నాన్న ఒకప్పుడు ఫ్యాక్టరీలో పర్మినెంట్ అయి ఉండొచ్చు, ఇప్పుడు ఆ జీతం లేదు. పాత సర్టిఫికెట్ పెట్టొద్దు. మీసేవలో కొత్తగా అప్లై చేసి, పొలం, కౌలు, కూలి, అమ్మ బీడీల పైసలు అన్నీ కలిపి నిజం చెప్పండి. ఎక్కువ తక్కువ చెప్తే తర్వాత ఎంక్వైరీలో ఇబ్బంది మీకే.

బీడీ కార్మికుల పిల్లలకు ఒక మాట: కేంద్ర కార్మిక శాఖ స్కాలర్‌షిప్ వేరేగా ఉంది, దాన్ని నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో అప్లై చేస్తారు. ఒకే చదువుకు రెండు స్కాలర్‌షిప్‌లు తీసుకోవద్దు. మీ కోర్సుకు ఏది వర్తిస్తుందో, ఏది ఎక్కువో చూసుకుని ఒకటే ఎంచుకోండి.

జారిపోయే చోటు 1: టీసీ

సీపీగెట్‌లో మంచి ర్యాంకు వచ్చి, సీటు అలాట్ అయి కూడా చేరలేని పిల్లలున్నారు. కారణం: డిగ్రీ చదివిన ప్రైవేట్ కాలేజీ టీసీ, మెమోలు ఇవ్వదు. "ప్రభుత్వం నుంచి మీ రీయింబర్స్‌మెంట్ రాలేదు. ముందు మీరు కట్టండి, వచ్చినంక తిరిగి ఇస్తాం" అంటారు. పేదింట్లో అంత డబ్బు ఒక్కరోజులో దొరకదు. రిపోర్టింగ్ గడువు కొద్ది రోజులే ఉంటుంది. ఆ గడువులో ఒరిజినల్ టీసీ ఇవ్వకపోతే సీటు పోతుంది.

అందుకే టీసీ పని సీటు వచ్చినంక మొదలు పెట్టొద్దు. ఫైనల్ సెమిస్టర్ పరీక్షలు అయిన వారమే మొదలు పెట్టండి.

- ఈ-పాస్‌లో మీ అప్లికేషన్ స్టేటస్ తెరిచి, డిగ్రీ మూడు సంవత్సరాలవీ విడివిడిగా చూడండి. ఏ సంవత్సరం శాంక్షన్ అయింది, ఏది ఆగింది, ఎక్కడ ఆగింది, ప్రింట్ తీసుకోండి.
- కాలేజీలోనే ఆగి ఉంటే (వెరిఫికేషన్ కాలేదు, వేలిముద్ర పడలేదు) అది మీరు, కాలేజీ కలిసి సరిచేయాల్సిన పని. శాంక్షన్ అయి డబ్బులు రాలేదంటే అది ప్రభుత్వ బకాయి. ఈ తేడా కాలేజీ వాళ్ల ముందు కాగితం పెట్టి చెప్పండి.
- కాలేజీ ఎంత అడుగుతున్నదో, దేనికి అడుగుతున్నదో రాసి ఇవ్వమనండి. కడితే రసీదు తప్పకుండా తీసుకోండి, "ఆర్టీఎఫ్ విడుదలైన తర్వాత తిరిగి ఇవ్వబడును" అని రాయించుకోండి.
- ఇవ్వమంటే ప్రిన్సిపాల్ పేర దరఖాస్తు రాసి, కాపీ మీద ముట్టినట్టు సంతకం తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు తమ దగ్గర ఆపుకోవద్దని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ మాట దరఖాస్తులో రాయండి.
- అప్పటికీ కదలకపోతే మీ సంక్షేమ శాఖ జిల్లా అధికారికి, యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు కాపీ ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, అక్కడ అర్జీ పెట్టి నంబర్ తీసుకోండి.

ఒక్కరే పోతే తిప్పి పంపుతారు. ఒకే కాలేజీలో ఇట్లాంటి పిల్లలు చాలా మంది ఉంటారు, కలిసి పోండి.

జారిపోయే చోటు 2: వెబ్ ఆప్షన్లు

ర్యాంకు వచ్చిన తర్వాత సర్టిఫికెట్ల వెరిఫికేషన్ ఆన్‌లైన్‌లో ఉంటుంది. సర్టిఫికెట్లు స్కాన్ చేసి అప్‌లోడ్ చేయాలి. ఫోన్‌తో వంకరగా తీసిన ఫొటోలు పెట్టొద్దు, అక్షరాలు కనపడాలి. కుల, ఆదాయ సర్టిఫికెట్లు అప్పటికే చేతిలో ఉండాలి. తర్వాత తెస్తాం అంటే మీ పేరు రిజర్వేషన్ లేకుండా పోతుంది.

వెబ్ ఆప్షన్లలో మీకు అందరికంటే ఇష్టమైన సీటు మొదట, తర్వాతిది రెండోది, ఇట్లా వరుసగా పెట్టాలి. "రాదేమో" అని మంచి కాలేజీని కిందకు నెట్టొద్దు. ర్యాంకు సరిపోకపోతే కంప్యూటర్ దానంతట అదే కింది ఆప్షన్‌కు పోతుంది, మీకు నష్టం లేదు. మూడు నాలుగు ఆప్షన్లే పెట్టి ఊరుకుంటే మాత్రం నష్టం ఉంది: ఏ సీటూ రాకుండా పోతుంది. చేరడానికి ఇష్టమైన వన్నీ పెట్టండి.

కోర్సు పక్కన రెగ్యులర్, సెల్ఫ్ ఫైనాన్స్ అని ఉంటుంది. సెల్ఫ్ ఫైనాన్స్ ఫీజు ఎక్కువ. ప్రభుత్వం ఇచ్చేది పోగా మిగిలింది మీరే కట్టాలి. ఆప్షన్ పెట్టకముందే ఫీజు చూసుకోండి.

రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెడితే జాగ్రత్త. కొత్త సీటు వస్తే పాత సీటు రద్దవుతుంది, తిరిగి రాదు. చేతిలో ఉన్న సీటు కంటే మంచివి మాత్రమే పెట్టండి.

జారిపోయే చోటు 3: స్పాట్ అడ్మిషన్

కౌన్సెలింగ్ విడతలన్నీ అయిపోయాక మిగిలిన సీట్లను స్పాట్‌లో ఇస్తారు. సీటు సులువుగా దొరుకుతుంది, కానీ స్పాట్‌లో చేరిన వాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. మేనేజ్‌మెంట్ కోటాకూ, దూరవిద్యకూ రాదు. రెండేళ్ల ఫీజు మొత్తం మీరే కట్టాలి. "ఇప్పుడు చేరు, స్కాలర్‌షిప్ తర్వాత చూద్దాం" అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. కౌన్సెలింగ్ మొదటి విడతలోనే పాల్గొనడం అందుకే ముఖ్యం.

సీటు వచ్చిన తర్వాత ఈ-పాస్

1. పీజీ కొత్త కోర్సు కాబట్టి ఫ్రెష్ అప్లికేషన్ పెట్టాలి. రెండో ఏడాది రెన్యువల్.
2. పదో తరగతి మెమోలో పేరు, పుట్టిన తేదీ ఎట్లా ఉన్నాయో ఆధార్‌లో అట్లనే ఉండాలి. తేడా ఉంటే ముందే సరిచేయించుకోండి.
3. బ్యాంకు ఖాతా విద్యార్థి పేరు మీదనే ఉండాలి, ఆధార్‌తో లింక్ అయి ఉండాలి. చాలా రోజులు వాడక మూలపడ్డ ఖాతా అయితే బ్యాంకుకు పోయి మళ్లీ నడిచేటట్టు చేయించుకోండి.
4. అప్లికేషన్ ప్రింట్, సర్టిఫికెట్ల జిరాక్సులు కాలేజీలో ఇచ్చి, వేలిముద్ర వెరిఫికేషన్ పూర్తి చేయండి. ఆన్‌లైన్‌లో పెట్టి ఊరుకుంటే అప్లికేషన్ అక్కడే ఉంటుంది.
5. హాజరు 75 శాతం ఉండాలి.

సరిహద్దు ఊళ్ల వాళ్లకు

బోధన్ వైపు కొందరు పిల్లలు ధర్మాబాద్, నాందేడ్, దెగ్లూర్‌లో కొన్నేళ్లు చదివి వస్తారు. అడ్మిషన్‌లో లోకల్ అవునా కాదా తేల్చడానికి గత ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. ఏ సంవత్సరం ఎక్కడ చదివారో ఒక కాగితం మీద రాసుకుని, ప్రతి స్కూలు, కాలేజీ నుంచి సర్టిఫికెట్ ముందే తెచ్చుకోండి. రెగ్యులర్‌గా చదవని సంవత్సరాలుంటే తహసీల్దార్ నుంచి నివాస సర్టిఫికెట్ తీసుకోండి.

విదేశంలో పీజీ చదవాలంటే

ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి, మైనారిటీలకు సీఎం ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉన్నాయి. 20 లక్షల వరకు సాయం ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలి. యూనివర్సిటీ నుంచి అడ్మిషన్ లెటర్ ఉండాలి. అప్లికేషన్ ఈ-పాస్‌లోనే. ఎంపిక కాకముందే ఏజెంట్‌కు అప్పు చేసి డబ్బు కట్టొద్దు.

ఇవాళే చూసుకోవాల్సినవి

- పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మెమోలు, ప్రొవిజనల్
- టీసీ (లేకుంటే ఇవాళే దరఖాస్తు)
- ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు
- కుల సర్టిఫికెట్, ఈ ఏడాది తీసిన ఆదాయ సర్టిఫికెట్
- ఆధార్, ఆధార్ లింక్ అయిన బ్యాంకు ఖాతా, నడుస్తున్న ఫోన్ నంబర్

ఫోన్ నంబర్ మీదనే ఓటీపీలు, అలాట్‌మెంట్ మెసేజ్‌లు వస్తాయి. ఇంటర్నెట్ సెంటర్ వాళ్ల నంబర్ ఇవ్వొద్దు, మీదే ఇవ్వండి.

పేరు తప్పు, టీసీ తిప్పలు, ఖాతా బంద్: ఇవన్నీ నెల ముందు చూస్తే చిన్న పనులు, గడువు రోజు చూస్తే సీటు పోయే పనులు. మీ ఊర్లో డిగ్రీ పూర్తయిన పిల్లలున్న ఇంటికి ఈ పీడీఎఫ్ పంపండి. ఫోన్‌లో చదవడం రాని అమ్మానాన్నలకు చదివి వినిపించండి.