గుంటూరులో పదిహేడు రోజుల గ్రహణం

“సైన్సు, చరిత్ర, చావు, మరిచిపోలేని మనిషి. ఈ నాలుగూ ఒకే కథలో ఉండాలి. గురువారం సాయంత్రానికి పంపండి” అన్నారు ఎడిటరుగారు. పొదిలిలో ఉన్నవాడికి అలాంటి కథ కోసం దూరం పోనక్కర్లేదు. మన కాయలు అమ్ముకునే ఊళ్లోనే ఉంది. మిరప రైతుకు గుంటూరంటే యార్డు. సూర్యుణ్ణి చదివేవాళ్లకు గుంటూరంటే 1868 ఆగస్టు 18.

ఆరోజు సంపూర్ణ సూర్యగ్రహణం. హీలియం బయటపడింది గుంటూరులోనే అని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఆ మాట మీద నాకు మొదటినుంచీ అనుమానమే. అది తేల్చుకోవడానికి పట్టుకున్న కాగితం ఒక ఉత్తరం. రాసింది ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ జాన్సెన్, 1868 సెప్టెంబరు 19న, కాకినాడ నుంచి. చేరాల్సింది పారిస్‌లోని సైన్స్ అకాడమీకి.

జాన్సెన్‌కు అప్పుడు 44 ఏళ్లు. చిన్నప్పుడు దెబ్బ తగిలి ఒక కాలు కుంటి. గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంట దిగి, దూరదర్శినికి వెలుగును రంగులుగా విడదీసే వర్ణపటదర్శిని బిగించి కూర్చున్నాడు. ఊరంతా పట్టు స్నానాలు, విడుపు స్నానాల హడావిడిలో ఉన్న వేళ, చంద్రుడు సూర్యుణ్ణి ఐదు నిమిషాలకు పైగా పూర్తిగా మూసేశాడు. సూర్యుడి అంచున ఎర్రగా లేచిన మంటల వెలుగును పరికరంలోంచి చూస్తే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా రంగుల్లో మెరిసే గీతలు కనిపించాయి. అంటే ఆ మంటలు కాగి వెలిగే వాయువులు. ఎర్ర గీత, నీలి గీత హైడ్రోజన్‌వని తేల్చాడు.

ఇంతవరకు మిగతావాళ్లూ చూశారు. బ్రిటిష్ అధికారి టెనంట్ బృందం కూడా అదే ఊళ్లో మకాం వేసి ఫోటోలు తీసింది. తేడా అంతా ఆ తర్వాతే. గీతలు అంత కాంతిగా ఉండటం చూసి, గ్రహణం లేకపోయినా ఇవి కనబడతాయని జాన్సెన్‌కు అక్కడికక్కడే తట్టింది. ఎండ కాంతిని పరికరం రంగులుగా చీల్చి పరిచేస్తే అది పలచబడుతుంది. మంటల వెలుగు మాత్రం నాలుగైదు గీతల్లోనే ఒదిగి ఉంటుంది కాబట్టి పలచబడదు. ఆరోజు మబ్బు పట్టి పని సాగలేదు. మర్నాడు పొద్దున్నే పరికరపు సన్నని చీలికను సూర్యుడి అంచుకు చేర్చి చూశాడు. నిండు ఎండలో గీతలు కనిపించాయి! ఇక వదల్లేదు. సెప్టెంబరు 4 దాకా చూస్తూనే ఉన్నాడు. తనకు పదిహేడు రోజులు గ్రహణం పట్టినట్టే ఉందన్నాడు.

మరి హీలియం? ఆ ఉత్తరంలో కొత్త మూలకం ఊసే లేదు. పసుపు గీత కనబడినా అది సోడియందేమో అని అందరూ అనుకునే కాలం. అది సోడియం గీత చోట సరిగ్గా కూర్చోవడం లేదని అనుమానపడింది మద్రాసు నక్షత్రశాల అధికారి నార్మన్ పోగ్సన్. ఆయన గ్రహణం చూసింది బందరు నుంచి!

చరిత్ర గబగబా చెప్పేస్తాను. 1859లో కిర్కాఫ్, బున్సెన్ అనే శాస్త్రవేత్తలు ఒక్కో మూలకానికి ఒక్కో గీతల గుర్తు ఉంటుందని చెప్పారు. 1868 అక్టోబరు 20న ఇంగ్లండులో నార్మన్ లాక్యర్ అనే శాస్త్రవేత్త కూడా గ్రహణం లేకుండానే ఆ గీతలు చూశాడు. ఆయన కబురు, జాన్సెన్ ఉత్తరం అక్టోబరు 26న ఒకే సమావేశంలో పారిస్ అకాడమీ ముందుకొచ్చాయి. పసుపు గీత కొత్త మూలకానిదని అన్నది లాక్యర్. అదే హీలియం. భూమ్మీద దాన్ని 1895లో రామ్‌సే అనే రసాయనవేత్త ఖనిజంలోంచి తీశాడు. 1872లో ఫ్రెంచి ప్రభుత్వం జాన్సెన్, లాక్యర్ ఇద్దరి ముఖాలతో ఒకే పతకం వేయించింది. పోగ్సన్ ముఖం దాని మీద లేదు. ఆయన 1891లో మద్రాసులోనే కన్నుమూశాడు.

■ గ్రహణం చూసి పోయిన రాజు
అదే గ్రహణాన్ని సయాం రాజు మోంగ్‌కుట్ ముందే లెక్కగట్టి, వా కో అనే చోటికి విదేశీ అతిథుల్ని పిలిచాడు. లెక్క తప్పలేదు. కానీ ఆ చిత్తడి నేలలో మలేరియా సోకింది. అక్టోబరు 1న చనిపోయాడు.

■ బెలూన్‌లో పారిపోయిన పండితుడు
1870 డిసెంబరులో జర్మన్లు పారిస్‌ను ముట్టడించి ఉండగా, ఇంకో గ్రహణం కోసం జాన్సెన్ బెలూన్ ఎక్కి ఊరు దాటాడు. అల్జీరియాలోని ఓరాన్ చేరాడు. తీరా గ్రహణం రోజున మబ్బు! 1907లో చనిపోయాడు.

■ వనపర్తిలో మనవాడు
పోగ్సన్ దగ్గర పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1868 గ్రహణానికి వనపర్తి వెళ్లాడు. అంతకు ముందు ఏడాదే, 1867లో, ఒక చరనక్షత్రాన్ని (వెలుగు మారుతుండే తారను) కనిపెట్టినవాడు.

నా తీర్పు ఇది: గుంటూరు ఘనత హీలియం కాదు, ఆగస్టు 19 పొద్దు. పిల్లల క్విజ్ పుస్తకంలో ‘హీలియం – గుంటూరు’ అని ఉంటే, పక్కన బందరు పేరు కూడా రాయించండి.