లేజర్ దూరమాపకం: ఎంపిక, వాడుక

పొలం గట్టు మీద నిలబడి "ఆ తాటిచెట్టు ఎంత దూరం?" అని నలుగురిని అడగండి. నాలుగు జవాబులు వస్తాయి. పట్టపగలే ఇలా ఉంటే మునిమాపు వేళ సంగతి చెప్పనక్కరలేదు. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో ఈ తేడా ప్రాణం మీదికి వస్తుంది. ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగులు సీతంపేట, భామిని ప్రాంతాల పొలాల్లో తిరిగిన సంగతి మీకు తెలిసిందే. ఏనుగు గంటకు సుమారు 25 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 7 మీటర్ల చొప్పున రాగలదు. 100 మీటర్ల దూరంలో ఉందనుకున్నది నిజానికి 60 మీటర్లలోనే ఉంటే, తప్పించుకోవడానికి మీకు 14 సెకన్లు కాదు, ఎనిమిదిన్నర సెకన్లే ఉంటాయి.

ఈ అంచనా పనిని లేజర్ దూరమాపకం చేస్తుంది. వ్యాపారంలో దీన్ని రేంజ్‌ఫైండర్ అంటారు. మీట నొక్కగానే కంటికి కనిపించని పరారుణ కాంతి స్పందనలు వెళ్లి, లక్ష్యానికి తగిలి, వెనక్కి వస్తాయి. ఎక్కువ పరికరాల్లో ఈ కాంతి తరంగదైర్ఘ్యం 905 నానోమీటర్లు. రాకపోకలకు పట్టిన సమయాన్ని కాంతి వేగంతో గుణించి, రెండుతో భాగిస్తే దూరం వస్తుంది. 100 మీటర్ల లక్ష్యానికి పట్టే సమయం మైక్రోసెకనులో మూడింట రెండు వంతులు మాత్రమే.

కొనేటప్పుడు పెట్టె మీది పెద్ద అంకెను చూసి మోసపోకండి. 1000 మీటర్లు అని రాసి ఉంటే, అది కాంతిని బాగా తిప్పికొట్టే బోర్డు వంటి లక్ష్యానికి వర్తించే మాట. బురద పట్టిన అడవిపంది చర్మం కాంతిని చాలావరకు మింగేస్తుంది. దానిపై కొలత ఆ అంకెలో సగం దూరానికైనా అందకపోవచ్చు. మంచి తయారీదారులు చెట్టుకు, జింకకు వేరువేరు అంకెలు ఇస్తారు. మీరు జింక అంకెనే చూడండి. మన పొలాల్లో 200 మీటర్లకు మించిన అవసరం అరుదు. ఆ డబ్బేదో మంచి కటకాలకూ, తెరకూ పెట్టడం మేలు. నల్ల అంకెల తెర చీకటి పడితే కనిపించదు. పందులు వచ్చేది ఆ వేళకే కాబట్టి ఎర్రగా వెలిగే అంకెలున్నది తీసుకోండి.

గోల్ఫ్ ఆటకు చేసిన పరికరం చవకగా దొరికినా ఇక్కడ ఇబ్బంది పెడుతుంది. జెండా వెనకున్న చెట్లను వదిలేసి, దగ్గరి వస్తువునే లెక్కలోకి తీసుకునేలా దాన్ని అమర్చుతారు. మొక్కజొన్న చేలో అది ముందున్న ఆకు దూరమే చెబుతుంది. మీకు కావలసింది దూరపు లక్ష్యానికి ప్రాధాన్యమిచ్చే అమరిక. గజాల్లో చూపుతోందా, మీటర్లలోనా అన్నది కూడా సరిచూసుకోండి. 100 గజాలంటే 91.44 మీటర్లే.

కాల్పుల్లో దూరం ఎందుకంత ముఖ్యం? గాలి నిరోధాన్ని పక్కన పెట్టి లెక్కిద్దాం. సెకనుకు 600 మీటర్ల వేగంతో వెళ్లే తూటా 100 మీటర్లలో సుమారు 14 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. 200 మీటర్లలో 54 సెంటీమీటర్లు! దూరం రెట్టింపైతే జారుడు నాలుగింతలు. గురి తప్పి గాయపడిన పంది చావదు, చేలో దాక్కుని మర్నాడు కూలీల మీదికి వస్తుంది. కొండవాలు మీదికి గురిపెడితే సమతల దూరాన్నే లెక్కలోకి తీసుకోవాలి. 30 డిగ్రీల వాలులో 100 మీటర్లు సమతలంగా 86.6 మీటర్లవుతుంది.

అయితే పరికరం చేతిలో ఉన్నంత మాత్రాన కాల్చే హక్కు రాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది. పంటకు ముప్పు కలిగితే అధీకృత అధికారి రాతపూర్వకంగా అనుమతించాలి. తుపాకీకి లైసెన్సు వేరే సంగతి. ఏనుగు మొదటి షెడ్యూలు జంతువు. దాని విషయంలో ఈ పరికరం దూరంగా ఉండడానికే. 2023 మే నెలలో భామిని మండలం కాట్రగడ దగ్గర నాలుగు ఏనుగులు విద్యుదాఘాతంతో చనిపోయాయి. గుంపు కరెంటు తీగకు ఎంత దూరంలో ఉందో కావలివాళ్లకు తెలియడం కూడా అవసరమే.

కొన్నాక మొదటి పని పగలే చేయండి. మంచె మీద కూర్చుని మోటారు షెడ్డు, గట్టు మలుపు, తాటిచెట్టు దూరాలు కొలిచి కాగితం మీద పటం గీసుకోండి. వానలో, పొగమంచులో కాంతి చెదిరి పరికరం తప్పు చెప్పినా ఆ కాగితం ఆదుకుంటుంది. నిజం చెప్పాలంటే, పరికరం కొనలేనివారు కొలతాడుతోనూ ఈ పటం తయారుచేసుకోవచ్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: 30 డిగ్రీల వాలు మీది లక్ష్యానికి పరికరం 150 గజాలు చూపింది. సమతల దూరం ఎన్ని మీటర్లు? (జవాబు: సుమారు 119 మీటర్లు.)