డిప్‌స్టిక్ చెప్పేది ఎంతవరకు నమ్మాలి?

బానెట్ ఎత్తి, ఇంజిన్ ఆయిల్ మట్టం చూపే పుల్లను, అంటే డిప్‌స్టిక్‌ను లాగితే ఆయిల్ పై గీత దాటి కనిపిస్తుంది. తుడిచి మళ్లీ పెట్టి తీస్తే సగానికి దిగుతుంది. ఇంకోసారి తీస్తే ఒకవైపు పైకి, రెండోవైపు కిందికి. "సర్వీసింగ్‌లో వాళ్లే చూసుకుంటారులే" అని చాలామంది ఇక్కడే బానెట్ దించేస్తారు.

ఈ గందరగోళమంతా పుల్ల దిగే గొట్టం వల్లే. సన్నగా, చాలా బండ్లలో వంపు తిరిగి ఉండే ఆ గొట్టం లోపలి గోడలకు ఇంజిన్ తిరిగేటప్పుడు ఆయిల్ చిమ్మి అంటుకుంటుంది. పుల్ల పైకి వచ్చేటప్పుడు ఆ తడంతా పూసుకుంటుంది. అందుకే మొదటిసారి కనిపించింది లెక్కలోకి రాదు. పోగులు రాలని గుడ్డతో తుడిచి, చివరిదాకా దింపి, నిదానంగా లాగి చూడాలి. రెండువైపులా తేడా వస్తే తక్కువ చూపిన వైపునే నమ్మాలి. కొత్తగా మార్చిన ఆయిల్‌తో ఇంకో చిక్కు: మెరిసే ఇనుము మీద అది కనిపించదు. తెల్ల టిష్యూ కాగితాన్ని పుల్ల చివర ఆనిస్తే తడి ఎక్కడిదాకా ఉందో ఇట్టే తెలిసిపోతుంది.

బండి చదునైన నేల మీద ఉండాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద చూస్తే ఏ అంకె వచ్చినా వృథాయే. ఇంజిన్ వేడెక్కాక చూడమని కొన్ని కంపెనీలు, చల్లగా ఉన్నప్పుడు చూడమని మరికొన్ని చెబుతాయి. మీ బండి మాన్యువల్‌దే చివరి మాట. వేడిమీద చూడమంటే, ఆపాక ఆయిల్ కిందికి దిగడానికి సాధారణంగా 5-10 నిమిషాలు ఆగాలి.

ఇంత తంటాలు పడి చూసినా దొరికేది ఉజ్జాయింపే. చాలా కార్లలో రెండు గీతల మధ్య సుమారు లీటరు తేడా. కాబట్టి ఒకటి రెండు మిల్లీమీటర్ల గురించి బెంగ అక్కర్లేదు, గీతల మధ్య ఉంటే చాలు. తగ్గింది కదా అని డబ్బా మొత్తం గుమ్మరించడమే అసలు ప్రమాదం. పావు లీటరు పోసి, కాసేపాగి, మళ్లీ చూడాలి. మరీ ఎక్కువైతే తిరిగే క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ను నురగ కొట్టేస్తుంది. ఆ బుడగలు పంపులోకి వెళితే ప్రెషర్ పడిపోతుంది.

డ్యాష్‌బోర్డు మీది ఎర్ర ఆయిల్ లైటు ఉందిగా అనుకోకండి. అది చెప్పేది ప్రెషర్ సంగతి, మట్టం సంగతి కాదు. బండి నడుస్తుండగా వెలిగిందంటే వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాల్సిందే.

డీజిల్ బండ్లవాళ్లకు ఇంకో మాట. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లకు పొగలోని మసిని పట్టే ఫిల్టర్ తోడైంది. ఆ మసిని కాల్చడానికి చాలా ఇంజిన్లు అదనంగా డీజిల్ చిమ్ముతాయి. ఊళ్లోనే చిన్న చిన్న దూరాలు తిరిగే బండిలో ఈ పని మాటిమాటికీ మధ్యలో ఆగిపోయి, కాలని డీజిల్ కొంత ఆయిల్‌లోకి జారుతుంది. అప్పుడు మట్టం తగ్గకపోగా పెరుగుతుంది. ఎవరూ పోయకుండానే ఆయిల్ పై గీత దాటిందంటే సంతోషించాల్సింది ఏమీ లేదు: అది పల్చబడింది, బేరింగులను కాపాడే సత్తా తగ్గింది. సర్వీసింగ్‌కు ఇంకా గడువుందని ఆగకుండా ఆయిల్ మార్పించాలి.